కిరాయి పెరిగిందని మిత్తికి తెచ్చి ఫ్లాట్ కొంటరా?

హన్మకొండ నుంచి ఒకాయన రాసిన్రు. ఇంటి ఓనర్ రెండేళ్లల్ల కిరాయి 9 వేల నుంచి 12 వేలకి తెచ్చిండట. వరంగల్ దగ్గర మామునూరు ఎయిర్‌పోర్టు మాట మొదలైనకాంచి రేట్లు ఆగుతలేవు, ఇప్పుడు కొనకుంటే ఇగ కొనలేం అని హంటర్ రోడ్డు దిక్కు 48 లక్షల రెడీ ఫ్లాట్ చూసి 50 వేలు బయానా గూడ ఇచ్చేసిన్రు. ఆయనది ఐటీ, ఆమె ప్రైవేట్ స్కూల్ టీచర్, ఇద్దరికి కలిపి 58 వేలు వస్తయి. బ్యాంకు 38 లక్షలు ఇస్తదట. మిగతా 10 లక్షలకి, బయానాతో కలిపి సొంతం 4 లక్షలు, ఆమె బంగారం గిర్వి పెట్టి 3 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండ్రూపాయల మిత్తికి ఇంకో 3 లక్షలు. కంపెనీల మనుషుల్ని తీసేస్తున్నరు గానీ నా ప్రాజెక్టు బాగనే ఉన్నది, ముందుకు పోవచ్చా అని అడిగిన్రు.

పోవద్దు. నెలకి కనీసం ఇద్దరు ముగ్గురు ఇదే లెక్క పట్టుకొని వస్తున్నరు, కిరాయి దండుగ, అదే పైసలు ఈఎంఐ కడితే ఇల్లు మనదైతది అని. అదే పైసలు ఎట్లయితయండీ? మీ కిరాయి 12 వేలు. 38 లక్షలకి 8.5 శాతం మీద 20 ఏళ్లకి ఈఎంఐ దగ్గర దగ్గర 33 వేలు, రెండ్రూపాయల మిత్తి నెలకి 6 వేలు, అసలు అట్లనే ఉంటది, బంగారం మీద ఇంకో రెండున్నర వేలు. మొత్తం 41 వేల 500 పోతే చేతిల మిగిలేది 16 వేల 500. ఇంటి ఖర్చు 28 వేలు అని మీరే రాసిన్రు కదా, మిగతాది యాడికెల్లి తెస్తరు? రిజిస్ట్రేషన్ లెక్కలనే లేదు, 48 లక్షల మీద 7.5 శాతం అంటే 3 లక్షల 60 వేలు, దాన్ని బ్యాంకు ఇంటి ధరల కలపదు. అంటే దానికి గూడ మళ్ల ఎవరి దగ్గర్నో చెయ్యి చాపుడే.

నాకు అన్నిటికన్న భయం అయింది వేరే. ఆ 4 లక్షలు ఫ్లాట్‌కి పెట్టినంక మీ ఇంట్ల ఒక్క నెల ఖర్చుకి గూడ పైసలు ఉండయి. కరోనాల, 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చిన్రు, ఈఎంఐ ఆగింది గానీ మిత్తి ఆగలే. ఆ తర్వాత 2021 ల ప్రైవేట్ టీచర్లకి ప్రభుత్వం నెలకి 2 వేలు, 25 కిలోల బియ్యం ఇయ్యాల్సి వచ్చింది, మీ ఆమెకి బాగ యాదుంటది. మిత్తి రేటు గూడ ఒక్కతీరుగ ఉండదు, రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు, 2022 మేల 4 శాతం నుంచి 2023 ఫిబ్రవరి వరకి 6.5 కి పోయింది, లోన్లు ఉన్నోళ్లకి కట్టే గడువు ఏండ్లకి ఏండ్లు పెరిగింది. 2025 ల తగ్గించిన్రు, మంచిదే, కానీ 20 ఏండ్ల అప్పు ఈ ఏడాది రేటు చూసి చెయ్యరు.

అందుకే ముందు ఆర్నెల్ల పైసలు. ఇప్పుడు ఖర్చు, కిరాయి కలిపి 40 వేలు, ఆరు నెలలకి 2 లక్షల 40 వేలు. చేతిల ఉన్న మూడున్నర లక్షలల్ల ఇంత ఈ వారంల వేరే బ్యాంకుల ఎఫ్‌డీ చేసి పెట్టున్రి, ఫోన్ యాప్‌ల కనపడకుంట ఉంటే ఇంకా మంచిది, చిట్టీల మాత్రం పెట్టకున్రి. ఇల్లు కొనే రోజు వస్తే ఖర్చు, ఈఎంఐ కలిపి ఆర్నెల్లవి, ఇదే లోన్‌కైతే 3 లక్షల 66 వేలు, బ్యాంకు ఇయ్యంగ మీరు పెట్టే మార్జిన్, రిజిస్ట్రేషన్ అన్ని పోయినంక గూడ మిగిలి ఉండాలె. ఉంటే కొనున్రి, లేకుంటే ఎయిర్‌పోర్టు వచ్చినా సరే ఆగున్రి. ఓనర్ 12 వేలని 14 చేస్తా అన్నా అది నెలకి 2 వేలు, మీరు తెచ్చే మిత్తి 6 వేలు.

హెల్త్ పాలసీ కంపెనీదొక్కటే ఉన్నది అన్నరు, జాబ్ పోయిన రోజే అది గూడ పోతది, సొంతంగ ఒకటి తీస్కోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ గూడ లేదు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటోళ్లకి పైసలిచ్చేది, అది కూడ సొంతంగ తీస్కోండి. ఇల్లు కావాల్సిందే అంటే 35 లక్షల లోపు చూడున్రి, పీఎం ఆవాస్ అర్బన్ 2.0 ల మిత్తి సబ్సిడీకి అప్లై చేసుకునే అవకాశం ఉంటది.

బయానా 50 వేలు పోతయి కదా అని మీ బాధ. బిల్డర్‌ని అడుగున్రి, సగమన్న ఇస్తడేమో. అసలే ఇయ్యకున్నా, ఆ 50 వేలు మీరు తేబోయే 3 లక్షల మీద దగ్గర దగ్గర ఎనిమిది నెలల మిత్తి, అంతే. ఆ పైసలు ఇంకా తెచ్చుకోకుంటే తెచ్చుకోకున్రి, తెచ్చిన్రంటే రేపు పొద్దుగాల్నే వాపస్ ఇచ్చి నోటు చింపించుకొని రాన్రి.