అమ్మీ, రిఫరెన్స్ చిప్ కొనేముందు ఇది చదువు

అమ్మీ,

నువ్వు ఉద్యోగం మానేసి నరసన్నపేట ఇంట్లోనే లిథియం సెల్స్ టెస్టు చేసే మెషీన్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మావయ్యకి ఒక్క మాట చెప్పాలనిపించలేదా? కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత నీ సర్క్యూట్ ఫోటో పంపింది. వోల్టేజిని అంకెగా మార్చే 24 బిట్ల ఏడీసీ చిప్, సెల్స్ ఊరికే పెట్టినప్పుడు దిగే మైక్రోవోల్టులు పట్టే ఆలోచన! వీధిలో అందరికీ చూపించేశాను.

ఏడీసీ కొలతకి తూకం రాయిలా నిలకడైన వోల్టేజినిచ్చే రిఫరెన్స్ చిప్‌లలో అన్నిటికన్నా తక్కువ నాయిస్, అంటే వణుకు, ఉన్నది ఏదని అడిగావట. చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీటులో 0.1 నుంచి 10 హెర్ట్జ్ దగ్గర ఇచ్చిన పీక్-టు-పీక్ అంకె, అంటే ఆ వణుకు కింది కొస నుంచి పై కొసకి ఎంతో, చూడు. పై ఫ్రీక్వెన్సీల నాయిస్ ఫిల్టర్‌కి లొంగుతుంది, ఇది అంత తేలిగ్గా లొంగదు. 4.096 వోల్టులిచ్చే చిప్‌లలో ఆర్‌ఈఎఫ్5040కి సుమారు 12 మైక్రోవోల్టులు, ఏడీఆర్4540కి 2.7, ఎల్‌టీసీ6655కి 1. అవుట్‌పుట్ కెపాసిటర్ డేటాషీటు చెప్పినట్టే పెట్టు. యూఎస్‌బీ 5 వోల్టులు నేరుగా ఇవ్వకు, కేబుల్‌లో కొంత పడిపోతే చిప్‌కి తన 4.096 ఇవ్వడానికి పైన కావలసిన వోల్టేజి మిగలదు.

ఇక ముఖ్యమైన సంగతి. నేను పనిచేసిన చోట 2 వోల్టుల లెడ్ యాసిడ్ సెల్స్‌ని కొలిచే బోర్డులు చేసేవాళ్లం. రిఫరెన్స్ చవకది, 2.5 వోల్టులది. మా పెద్దసారు టెస్టు ఏటంటే, ఇన్‌పుట్ రెండు వైర్లూ ఒకదానికొకటి కలిపి షార్ట్ చేసి స్క్రీన్ చూడటం. అంకె కదలకపోతే బోర్డు పాస్. ఏ బోర్డులోనూ అంకె కదిలేది కాదు, ఆయనకి అదో గర్వం. సైటులో సెల్స్ తగిలించాక మాత్రం చివరి అంకెలు ఒక్క క్షణం నిలిచేవి కావు. సెల్స్ పాతవన్నాడు. ఎర్తింగ్ బాగోలేదన్నాడు. షీల్డు కేబుల్ తెప్పించి వైరింగంతా మార్పించాడు. కస్టమర్ డబ్బు ఆపేశాడు. చివరికి డిప్లొమా చదివి కొత్తగా చేరిన కుర్రాడొకడు టార్చిలైటు బ్యాటరీ తెచ్చి టేబుల్ మీదే ఇన్‌పుట్‌కి తగిలించాడు. సైటులో ఆడిన అంకెలే అక్కడా ఆడాయి. సారు ఆ రోజు వాడి మీద అరిచిన అరుపులు నాకింకా గుర్తే. వాడు చేసిన తప్పల్లా మాకెవరికీ తట్టనిది చేయడమే.

ఏడీసీ ఇచ్చేది ఇన్‌పుట్‌ని రిఫరెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె. ఇన్‌పుట్ సున్నా అయితే రిఫరెన్స్ ఎంత వణికినా జవాబు సున్నానే. ఖాళీ తక్కెడ ఎప్పుడూ సమంగానే ఉంటుంది, రాయిలో తరుగుంటే సరుకు వేశాకే బయటపడుతుంది. నీ సెల్ 3.7 వోల్టులు, రిఫరెన్స్ 4.096. అంటే రిఫరెన్స్ నాయిస్‌లో 90 శాతం నేరుగా నీ రీడింగ్‌లోకి వస్తుంది. కాబట్టి షార్ట్ చేసి చూసి మురిసిపోకు. నిలకడైన కొత్త సెల్ ఒకటి తగిలించి రాత్రంతా లాగ్ చెయ్యి. అదే బరువు కొలిచే లోడ్ సెల్ తూకమైతే దాని లోపలి బ్రిడ్జి సర్క్యూట్‌కిచ్చే వోల్టేజినే రిఫరెన్స్‌గా వాడితే ఈ గొడవే ఉండదు. నీకు ఆ వీలు లేదు.

ఇంకో మాట, దీనికి నువ్వు ఒప్పుకోవని తెలుసు. నీ పనికి నాయిస్ కన్నా వేడి పెద్ద శత్రువు. డిగ్రీకి 2 పీపీఎం, అంటే పది లక్షల్లో 2 వంతులే, అని గొప్పగా రాసిన చిప్ కూడా 4.096 వోల్టుల దగ్గర డిగ్రీకి 8 మైక్రోవోల్టుల దాకా జరగొచ్చు. మన ఊళ్లో తెల్లారికీ మధ్యాహ్నానికీ ఎన్ని డిగ్రీల తేడా వస్తుందో నీకు చెప్పాలా? 1 మైక్రోవోల్టు నాయిస్ కోసం డబ్బు పోసి బోర్డుని కిటికీ పక్కన పెడితే ఏం లాభం? ప్రతి రీడింగ్ పక్కనా చిప్ దగ్గరి టెంపరేచర్ కూడా రాసుకో. సీలింగ్ ఫ్యాన్ గాలి చిప్ కాళ్లకి తగిలినా మైక్రోవోల్టులు ఆడతాయి, చిప్ మీద ప్లాస్టిక్ మూత పెట్టు. చిప్‌కి మూడు వైపులా బోర్డులో గాడి కోయించు, బోర్డు వంగినా చిప్ మీద ఒత్తిడి అంతగా పడదు.

చవకగా వస్తోందని ఊరూ పేరూ లేని అమ్మకందారు దగ్గర కొనకు. డూప్లికేటు చిప్‌కి కూడా పైన నంబరు బాగానే ఉంటుంది.

ఆ సెల్స్ అమ్మమ్మ పడుకునే గదిలో పెట్టావట! ఈ రోజే తీసెయ్. లిథియం అంటుకుంటే ఆవిడ లేచి పరిగెత్తగలదా? పెరట్లో రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది కదా. ఎండ సంగతి నువ్వడక్కు, థర్మోకోల్ నేను వేయిస్తాను. డబ్బు తక్కువైతే మీ నాన్నని కాదు, నన్నడుగు.

ఆదివారం విజయనగరంలో పొద్దున్న బండి ఎక్కుతున్నాను. నా పాత మల్టీమీటరు తెస్తాను. నేనొచ్చేదాకా పీసీబీ బోర్డు ఆర్డరు పెట్టకు. ఆ లేఅవుట్‌లో గ్రౌండ్ ఎక్కడ కలిపావో నాకింకా అర్థం కాలేదు.

మీ మావయ్య