మొక్కజొన్న గటక మంచిదేనా? చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పటి నుంచి ఇంట్లో తరచూ మొక్కజొన్న గటకే, అదే రవ్వను ముద్దగా ఉడికించే వంటే, వండుతున్నారనీ, అల్లుడికేమో షుగర్ ఉందనీ, పక్క ఫ్లాటు ఆవిడ అది ఒట్టి పిండిపదార్థమని భయపెట్టిందనీ రాశావు. బెంగళూరులో ఇన్నేళ్లుగా గటక వండుకుంటున్న దాన్ని కాబట్టి నన్నే అడిగావు. గటక మంచిదే తల్లీ. అయితే మంచి గింజ కొనాలి, పొట్టు పోకుండా పట్టించాలి, పక్కన పప్పో మజ్జిగో ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే అది కడుపు నింపుతుంది కానీ ఒంటికి పట్టదు.

ముందు మీ అత్తగారి పక్షాన మాట్లాడతాను. నూరు గ్రాముల ఎండు మొక్కజొన్న గింజల్లో ప్రొటీను సుమారు 9 గ్రాములు, పీచు 12 గ్రాముల దాకా ఉంటుంది. మనం తినే పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. పసుపు గింజల్లో కంటికి మేలు చేసే ల్యూటిన్, జియాజాంథిన్ అనే రంగు పదార్థాలు ఉన్నాయి. గోధుమ పడనివాళ్లు నిశ్చింతగా తినవచ్చు. అంతటి గింజను ఒట్టి పిండిపదార్థమని కొట్టిపారేయడం అన్యాయం.

ఇక లోటు సంగతి. మొక్కజొన్న ప్రొటీనులో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండు అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీను తయారయ్యే ముక్కలు, చాలా తక్కువ. నియాసిన్ అనే విటమిన్ గింజలో ఉన్నా, ఒంటికి అందని విధంగా బంధించబడి ఉంటుంది. మొక్కజొన్న పుట్టిన మెక్సికో ప్రాంతంలో గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బుతారు. దానివల్ల ఆ నియాసిన్ విడుదలవుతుంది. గింజ మాత్రమే వెళ్లి, ఈ పద్ధతి వెంట వెళ్లని దేశాల్లో పేదవాళ్లు పూర్తిగా మొక్కజొన్న మీదే బతికి, నియాసిన్ అందక పెల్లాగ్రా అనే జబ్బు పాలయ్యారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, మతి చలించేది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేల మంది దీనితో చనిపోయారు. అది అంటువ్యాధి కాదనీ, తిండిలోని లోటనీ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు నిరూపించాడు. మన దక్కనులో జొన్నన్నమే ఆధారంగా బతికిన కూలీల్లోనూ ఈ జబ్బు కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ 1960 ప్రాంతంలో దాని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం కారణం కావచ్చునని చెప్పారు. మొక్కజొన్నలోనూ ల్యూసిన్ ఎక్కువే.

ఇది చదివి బెంబేలెత్తకు. ఆ జబ్బు వచ్చింది పక్కన మరేదీ లేక పొద్దూ మాపూ ఒకే గింజ తిన్నవాళ్లకు. నీ వంటింట్లో పప్పు డబ్బా ఉంది, పెరుగు గిన్నె ఉంది. గింజలో తక్కువైన లైసిన్ పప్పులో పుష్కలంగా దొరుకుతుంది. అందుకే గటకతో చింతచిగురు పప్పో, గోంగూర పప్పో, పెసరపప్పో తప్పకుండా చెయ్యి. ఒక్క పచ్చి పులుసుతో కడుపు నింపే అలవాటును మాత్రం మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పి మాన్పించు. పులుసు రుచికే తప్ప, గటకలో లేనిది అందులోనూ లేదు. పల్లీల పచ్చడి చేస్తే ఇంకా మంచిది, పల్లీల్లో నియాసిన్ బాగా ఉంటుంది. చలికాలం వస్తే ఇక్కడ రోడ్ల పక్కన అవరెకాయలు, అంటే మన అనపకాయలు, కుప్పలుగా పోసి అమ్ముతారు కదా, ఆ గింజల కూర గటకకు ఎంత బాగా కుదురుతుందో ఒకసారి చేసి చూడు. దంటు సొప్పు పేరుతో దొరికే తోటకూర కూడా వదలకు. తిన్న వెంటనే టీ తాగవద్దు, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

గింజ కొనడం దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు. దావణగెరె, హావేరి వైపు మొక్కజొన్న విరివిగా పండుతుంది కాబట్టి ఇక్కడ గింజకు కొదవ లేదు. కానీ అందులో చాలా భాగం కోళ్ల దాణాకు పోతుంది. చవకని దాణా దుకాణంలో కొనవద్దు. తడిసి సరిగా ఎండని గింజకు బూజు పడుతుంది, ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని నూరుమందికి పైగా చనిపోయారు. కడిగినా, ఎండబెట్టినా, ఎంతసేపు ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. అందుకని గింజలను తెల్లటి బట్ట మీద పోసి వెలుతురులో చూడు. గింజ మొనలో, కంకికి అతుక్కునే చోట, సన్నటి నల్ల పొర కనిపిస్తే కంగారుపడకు, అది గింజ బాగా ముదిరిందనడానికి గుర్తు. మొలక వచ్చే భాగం దగ్గర ఆకుపచ్చగానో బూడిద రంగులోనో పొడి పట్టినట్టు ఉంటే, లేదా పిడికెడు గింజలు వాసన చూస్తే ముక్కవాసన వస్తే, ఏరి బాగుచేసుకోవచ్చని ఆశపడకుండా ఆ సంచీనే పారెయ్యి. పైకి కనిపించకుండానూ విషం ఉండవచ్చు కనుక నమ్మకమైన దుకాణంలోనే కొను. బెంగళూరు వానాకాలం చెమ్మకు ఎక్కువ నిల్వ పెట్టవద్దు, నెలకు సరిపడా చాలు.

పిండిమరలో రవ్వగా పట్టించమని చెప్పు. ఇంటికొచ్చాక జల్లించి రవ్వనూ పిండినీ విడివిడిగా ఉంచు, పొట్టు పారెయ్యకు. షాపుల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో తెల్లగా, మెత్తగా ఉండేది ఒట్టి గంజిపొడి, దానితో గటక వండరు. రవ్వను రాత్రే నానబెట్టు. పొద్దున గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల పైనే ఎసరు పెట్టి, ఉప్పు వేసి, తెర్లుతుండగా రవ్వ పోసి, మూతపెట్టి సన్న సెగ మీద ఉడికించు. అడుగంటకుండా తెడ్డుతో కలుపుతూ ఉండు. రెండు వేళ్ల మధ్య నలిపితే లోపల తెల్లటి పలుకు తగలకూడదు. అప్పుడు జల్లించిన పిండిలో కాస్త చన్నీళ్లు కలిపి పోస్తే దగ్గరపడుతుంది. మిగిలితే మజ్జిగలో కలిపి మూతపెట్టు. మర్నాడు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నాలుగు చుక్కల నిమ్మరసంతో తింటే ప్రాణం లేచొస్తుంది. చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం నెమ్మదిగా అరిగేలా మారుతుంది కూడా.

అల్లుడి మాటకొస్తే, గటక షుగర్‌కు మందు అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. అది కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది, మెత్తటి పిండితో వండితే మరీ త్వరగా. ముతక రవ్వతోనే చెయ్యి. పూటకు 60 గ్రాముల పొడి రవ్వ చాలు, అంటే సుమారు 200 క్యాలరీలు. గటక తిన్నప్పుడు దానితోపాటు అన్నం వద్దు, కూర ఎక్కువ పెట్టు. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూడమను. ఇంకో రోజు అన్నం తిన్నాక అలాగే చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే అతని ఒంటికి ఏది నప్పుతుందో తెలుస్తుంది. మాత్రలను మాత్రం డాక్టరు చెప్పకుండా తగ్గించకూడదు.

పాపకు గటక ఒక్కటే పెట్టవద్దు. పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించి నెయ్యి కలిపి పెట్టు. మీ ఇంటి కింద హోటల్లో దొరికే రాగి ముద్దను కూడా చిన్నచూపు చూడకు. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మొక్కజొన్నలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఎదిగే పిల్లకు రెండూ కావాలి. వారంలో రెండు రోజులు గటక, రెండు రోజులు రాగి, మిగతా రోజులు మీ ఇష్టం.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ చేతి గటకను మానిపించవద్దు, పప్పు బాధ్యత నువ్వు తీసుకో. వచ్చే ఆదివారం మరకు వెళ్తున్నాను, మీ ఇంటికి కూడా రవ్వ పట్టించమంటావా? ఎన్ని కిలోలో శుక్రవారంలోగా ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో
పెద్దమ్మ