వ్యంగ్య గాయకుడు టామ్ లెహ్రర్‌పై నా నలభై అయిదేళ్ల అభిమానం

నవ్వించడానికి రాసిన పాటలు నాలుగుసార్లు వింటే పాతబడిపోతాయి కదా, ఒకే వ్యంగ్య గాయకుణ్ణి జీవితాంతం అభిమానించడం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. సాధ్యమేనని నా అనుభవం చెబుతోంది.

నాది విజయనగరం. గణితం బోధించి ఇటీవలే పదవీ విరమణ చేశాను. 1980 వేసవిలో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా మేనమామ ఒక క్యాసెట్ తెచ్చారు. అందులో ఒకాయన పియానో వాయించుకుంటూ, ఆ పాట రాసేనాటికి తెలిసిన 102 మూలకాల పేర్లనూ గుక్క తిప్పుకోకుండా పాడేస్తున్నారు. ఆయన హార్వర్డ్‌లో గణితం చదివిన టామ్ లెహ్రర్ అనీ, ఆ బాణీ 1879 నాటి ఒక ఇంగ్లీషు సంగీత నాటకానికి ఆర్థర్ సల్లివన్ కట్టినదనీ మావయ్య చెప్పారు. ఆ పాటను కెమిస్ట్రీ రికార్డు పుస్తకం వెనక పేజీల్లో తెలుగు లిపిలో రాసుకున్నాను. పేర్లు పరమాణు సంఖ్యల వరుసలో కాక, యాంటిమొనీ, ఆర్సెనిక్, అలూమినం, సెలీనియం అంటూ లయ కోరిన వరుసలో వస్తాయి. మన పుస్తకాల్లోలాగా ‘అల్యూమినియం’ అని పాడితే ఒక అక్షరం ఎక్కువై తాళం తప్పుతుంది. ఇంగ్లీషు అంతగా రాని మా నాన్నగారు కూడా అది పట్టుకుని, “హరికథల నారాయణదాసు గారి ఊరివాడివి, తాళం తప్పకుండా పాడరా” అన్నారు. హరికథలో భాగవతారు అసలు కథ ఆపి, ముందు వరుసలోని పెద్దలకు తగిలేలా పిట్టకథ చెప్పి, నవ్వులు ఆగకముందే కీర్తన అందుకునే ఒడుపు నాకు లెహ్రర్‌లోనూ కనిపించింది.

అయితే నన్ను ఆయనకు కట్టిపడేసింది మరొక పాట. హిట్లర్ కాలంలో, లండన్ మీద పడి ఎందరినో చంపిన వి-2 రాకెట్లు తయారు చేసి, యుద్ధం ముగిశాక అమెరికా అంతరిక్ష కార్యక్రమంలో పెద్ద స్థానం సంపాదించిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ మీద రాసిన ఆ పాట 1965లో రికార్డుగా వచ్చింది. రాకెట్లను పైకి పంపడం వరకే తన పని అనీ, అవి ఎక్కడ పడతాయన్నది తన డిపార్ట్‌మెంట్ కాదనీ అందులో ఆయన చేత పలికిస్తారు. లండన్‌లోని వితంతువులు తమ పెన్షన్లకు ఆయనకే రుణపడి ఉన్నారన్న చరణానికి నేను ఏళ్ల తరబడి నవ్వాను.

1996లో నాన్నగారు పోయాక, ఫ్యామిలీ పెన్షన్ కోసం అమ్మను వెంటబెట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగాను. ఎవరిని అడిగినా “అది నా సీటు కాదండీ” అనేవారు. ఒక మధ్యాహ్నం వరండాలోని బల్ల మీద, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న అమ్మ పక్కన ఉండగా, ఆ చరణం హఠాత్తుగా గుర్తుకొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. పదహారేళ్లుగా నోటికి వచ్చిన పాట ఎవరి గురించి రాశారో ఆ రోజే నాకు తెలిసింది.

లెహ్రర్ 2020లో తన పాటల సాహిత్యాన్నీ, 2022లో సంగీతంతో సహా మిగిలిన హక్కులన్నిటినీ వదిలేసి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని ప్రకటించారు. 2025 జూలై 26న, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటి నుంచి ఆ ఫాన్ బ్రౌన్ పాటను తెలుగులోకి తెస్తున్నాను. ‘డిపార్ట్‌మెంట్’ ఉన్న చోట ‘సీటు’ అన్న మాట వేశాను.