సాక్స్ సోలీ ముద్దగా వినిపిస్తోందన్న ప్రశ్నకు

మీరు రాసిన ఐదు సాక్సోఫోన్ల సోలీ (సాక్సోఫోన్లన్నీ కలిసి ఒకే లయలో వాయించే భాగం) మొదటి నుంచి చివరి దాకా బరువుగా, ముద్దగా ఉందన్నారు. స్కోరు చూశాను. తప్పు స్వరాలేమీ లేవు. ప్రతి నోటుకూ క్లోజ్ వాయిసింగే (కార్డ్ స్వరాలను పక్కపక్కనే ఇరికించి పేర్చడం) వేశారు, చిక్కంతా అక్కడే.

ముందుగా వేగంగా పరుగెత్తే చోట్ల హార్మొనీ తీసేయండి. అందరికీ యూనిసన్ (అందరూ ఒకే స్వరం) ఇవ్వండి, లేదంటే చిన్న సాక్సోఫోన్లయిన ఆల్టోలు పైన, వాటికన్నా పెద్దవైన టెనర్లు ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద. మెలడీ మిడిల్ సి (పియానో నడిమి సి) దగ్గరికి దిగినా అంతే. అక్కడ నాలుగు స్వరాలు ఇరికిస్తే ఎంతటివాళ్ళు వాయించినా బురదే.

మెలడీ పైకి లేచే చోట డ్రాప్ 2, అంటే పై నుంచి రెండో స్వరాన్ని ఆక్టేవ్ దించే పద్ధతి, వాడండి. సి6 కార్డ్ (సి, ఇ, జి, ఎ) మీద మెలడీ జి అనుకోండి. క్లోజ్‌లో పై నుంచి జి, ఇ, సి, ఎ. రెండోదైన ఇ స్వరాన్ని ఆక్టేవ్ దించితే జి, సి, ఎ, ఇ. వెంటనే గాలి ఆడుతుంది. క్లోజ్‌లో మీ బారిటోన్ (ఐదింటిలో అన్నిటికన్నా పెద్ద సాక్సోఫోన్) మెలడీనే కింద రెట్టిస్తోంది కదా, ఇక్కడ దానికి రూట్ (కార్డ్ మూలస్వరం, ఇక్కడ సి) ఇచ్చి చూడండి.

ఐదో బార్‌లో మెలడీ సి, డి, ఇ, ఎఫ్, జి అని ఎక్కుతుంటే అన్నిటి కిందా సి6 స్వరాలే ఉంచారు. డి, ఎఫ్‌ల కింద బి డిమినిష్డ్ 7 కార్డ్ (బి, డి, ఎఫ్, ఎ ఫ్లాట్) పెట్టండి, కింది పార్టులూ నడుస్తాయి. వాయించేవాళ్ళు కూడా సంతోషిస్తారు!

అలాగని క్లోజ్‌ను పూర్తిగా వదిలేయకండి. అమెరికన్ జాజ్ బ్యాండ్ లీడర్ వుడీ హెర్మన్ 1947 నాటి బ్యాండ్‌లో మూడు టెనర్లు, ఒక బారిటోన్ దగ్గర దగ్గరగా వాయిస్తూనే ఎంత తేలిగ్గా వినిపిస్తాయో వినండి.