మబ్బు పట్టిందని కెమెరా లోపల పెట్టకు

చి. స్వాతికి ఆశీస్సులు.

జూన్‌లో సియాటిల్ నుంచి అలాస్కా ఓడ ఎక్కుతున్నావని, కెచికాన్, జూనో, గ్లేసియర్ బే చూస్తావని మీ నాన్న చెప్పాడు. కెచికాన్‌లో ఏటా 140 అంగుళాలకు పైనే వాన పడుతుంది. అంటే మన హైదరాబాద్ వానకు నాలుగింతలు. ఆ తీరంలో ఉన్నంతలో పొడి నెలలు మే, జూన్‌లే అయినా ముసురు తప్పదనుకునే సర్దుకో. దానికి దిగులు పడకు. అక్కడి మంచుకీ అడవికీ మబ్బు వెలుతురే బాగా నప్పుతుంది.

ముందు మంచు సంగతి. ఏళ్ల తరబడి పైబరువుకు నలిగి, గాలి బుడగలు పోయి గట్టిపడిన మంచు వెలుగులోని ఎరుపును మింగేస్తుంది. మనకు కనబడే నీలం అలా మిగిలినదే. ఎండలో పైపొర తెల్లగా మెరిసి ఆ నీలాన్ని కప్పేస్తుంది. మబ్బులో పగుళ్ల లోపలి రంగు కూడా తేలుతుంది. అయితే వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ) ఆటోలో ఉంటే కెమెరా ఆ నీలాన్ని తప్పనుకుని దిద్దేస్తుంది. అందుకని 5,500 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) దగ్గర స్థిరంగా పెట్టి, రా ఫైళ్లు (కెమెరా దిద్దని అసలు ఫొటోలు) తియ్యి.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు తెలుపేదో నలుపేదో తెలియదు. చూసినదాన్నల్లా నడిమి బూడిదకు లాగుతుంది. ఫ్రేము నిండా మంచుంటే ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 1 దాకా పెంచు, హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) మాత్రం కుడి అంచుకు గుద్దుకోకూడదు. సగం నల్లటి కొండ ఉంటే అంత అక్కర్లేదు. చాలామంది చేసే పొరపాటు ఆ ప్లస్ 1ని అలాగే వదిలేసి అడవిలోకి వెళ్లడం. చీకటి చెట్ల దగ్గర మీటరు తనంతట తానే వెలుగు పెంచుతుంది, దానికి నీ ప్లస్ తోడైతే ఫొటో వెలవెలబోతుంది. అడవిలో మైనస్ సగం నుంచి మొదలుపెట్టు.

గ్లేసియర్ బేలో మార్జరీ గ్లేసియర్ (మంచునది) ముఖం నీటిపైన సుమారు 250 అడుగులు లేస్తుంది. పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేకపోతే ఫొటోలో అది పెరటి గోడలా ఉంటుంది. ఓ చిన్న పడవో, పక్షుల గుంపో ఫ్రేములోకి వచ్చేదాకా ఆగు. మంచు పెళ్లలు విరిగిపడేటప్పుడు చెవిని నమ్ముకోవద్దు. పావు మైలు దూరంలోనైనా చప్పుడు నిన్ను చేరేసరికి సెకనుకు పైనే గడుస్తుంది, ఈలోగా పెళ్ల పడడం మొదలైపోయి ఉంటుంది. మంచు పొడి సన్నగా రాలుతున్న చోటు కనిపెట్టి, దానిమీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చు. షట్టర్ 1/1000 సెకను లేదా ఇంకా వేగం, వరసగా తీసే మోడ్, వేలు బటన్‌పైనే. పడ్డాక వెంటనే దించకు, లేచే అల కూడా కావాలి. ఓడ అక్కడ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగులు పెట్టనక్కర్లేదు.

డెక్ మీద ట్రైపాడ్ దండగ. ఇంజిన్ అదురు దాని కాళ్ల గుండా కెమెరాకే ఎక్కుతుంది. మోచేతులు కూడా రెయిలింగ్ మీద ఆనించకుండా ఒంటికి ఆనించుకో. దూరపు ఫొటోలు మసకగా వస్తే లెన్స్‌ను తిట్టకు. వెచ్చటి గాలి, చల్లటి నీరు కలిసేచోట గాలి సుడులు తిరగడం వల్ల అలా అవుతుంది, దానికి దగ్గరకు వెళ్లడం తప్ప మందు లేదు. గది వేడిలోంచి తెచ్చిన లెన్స్‌తోనూ ఇదే తంటా. గ్లేసియర్ రావడానికి అరగంట ముందే దాన్ని బయట ఉంచు. తిరిగి లోపలికి వెళ్లేటప్పుడు జిప్ బ్యాగులో మూసి, ఓ గంట తెరవకు. లేకుంటే అద్దం మీదే కాక లోపల కూడా చెమ్మ పడుతుంది.

ఇక అడవి. జూనో, కెచికాన్‌ల చుట్టూ ఉన్నది టోంగాస్, అమెరికాలోకెల్లా పెద్ద జాతీయ అటవీ ప్రాంతం. సిట్కా స్ప్రూస్, హెమ్లాక్ చెట్లు, వాటి నిండా నాచు. ఇక్కడ పోలరైజర్ ఫిల్టర్ లేకుండా ఒక్క ఫొటో కూడా తియ్యకు. ఈ విషయంలో నాది మొండిపట్టే. తడి ఆకుల మీది తళుకును అది చెరిపేస్తే కింద అసలు పచ్చదనం బయటపడుతుంది. ఫిల్టర్ మెల్లగా తిప్పుతూ చూస్తే ఎక్కడ ఆపాలో నీకే తెలుస్తుంది. సుమారు ఒకటిన్నర స్టాప్ (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది) వెలుగు తింటుంది గనుక ట్రైపాడ్ ఇక్కడ కావాలి. సెలయేటికి లెన్స్ రంధ్రం ఎఫ్ 8 లేదా ఎఫ్ 11, షట్టర్ పావు సెకను నుంచి సెకను లోపు. అంతకు మించితే నీరు పాలమీగడలా అయిపోతుంది. చెక్క బాటల మీద ఎవరు నడిచినా పలకలు ఊగుతాయి, వాళ్లు దాటాక నొక్కు. ఫెర్న్ ఆకులు గాలికి కదులుతుంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 800కు పెంచి షట్టర్ 1/125 చెయ్యి. తెల్లటి ఆకాశం ఏ సందులోంచి కనబడినా కన్ను అటే పోతుంది, కెమెరాను కాస్త కిందికి వంచితే సరి.

నీటి దారుల్లో తిమింగలాలు కనబడతాయి. హంప్‌బ్యాక్ మూడు నాలుగుసార్లు ఊపిరి వదిలి, వీపు బాగా పైకి వంచిందంటే తర్వాత లేచేది తోకే. ముందే ఫ్రేములో చోటు వదులు. పడవ 100 గజాల లోపలికి పోకూడదన్నది నియమం, అందుకే దూరాన్ని దగ్గర చేసే 100-400 మి.మీ. లెన్స్. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యి, 2014 నుంచి జాతీయ పార్కుల్లో నిషేధం.

వానలో కెమెరాకు తొడగడానికి హోటల్ షవర్ క్యాప్ రెండు, తుడుచుకునే మెత్తటి గుడ్డలు నాలుగు పెట్టుకో, పొడివీ తడివీ వేరు వేరు సంచుల్లో ఉండాలి. వానలో లెన్స్ ముఖం కిందికే ఉంచు, డెక్ మీద లెన్స్ మార్చకు. ఉప్పు తుంపర పడితే మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచాకే పొడి గుడ్డ వాడు. చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి, అదనపు జతను కోటు లోపలి జేబులో దాచు. రోజూ రాత్రి ఫొటోలను రెండు చోట్ల కాపీ చెయ్యి. ఓడలో ఇంటర్నెట్ మీద ఆశ పెట్టుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న