ఆర్‌ఓ ఉన్నా బాబుకి విరేచనాలు ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం మద్దిలపాలెం, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. అరకు వెళ్లొచ్చాక మా నాలుగేళ్ల బాబుకి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి, ఇప్పుడు తగ్గాయి. కానీ ఇంట్లో ఉన్నప్పుడూ నెలకోసారి అవుతున్నాయి. ఆర్‌ఓ నీళ్లు కూడా కాచమని మా అత్తగారు, అక్కర్లేదని మా ఆయన. ఏం చెయ్యాలి?

డాక్టర్ సలహా: అమ్మా, మీ అత్తగారి భయం అర్థమైంది గానీ, మెషీన్ సరిగ్గా పనిచేస్తుంటే, ఫిల్టర్లు టైముకి మారుస్తుంటే ఆ నీళ్లు మళ్లీ కాచక్కర్లేదు, అవి మెషీన్‌లోంచి బయటికొచ్చాక ఎక్కడ ఉంటున్నాయో చూడండి. కుళాయి నీళ్లలో క్రిములు పెరక్కుండా కొంచెం క్లోరిన్ ఉంటుంది, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి, ఆర్‌ఓలోని కార్బన్ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది, అందుకే వాసన లేకుండా బావుంటాయి కానీ ఆ నీళ్లకి ఇక కాపలా లేనట్టే. వాటిని బిందెలో పోసుంచి పిల్లలు గ్లాసు ముంచుకుంటుంటే చేతి మురికంతా అందులోకే పోతుంది. కుళాయి ఉన్న మూత డబ్బా కొనండి, రోజూ కడగండి, నిన్నటి నీళ్ల మీద ఇవాళ్టివి పొయ్యొద్దు. చాలా ఇళ్లల్లో విరేచనాలకి ఇదే కారణం, ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి సంపు. కుళాయి రోజుకి కాసేపే వస్తుంది కదా, మిగతా టైంలో పైపులో ప్రెషర్ ఉండదు, లీకు ఉన్నచోట పక్కన కాలవ నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది, అందుకని మొదట వచ్చే రంగునీళ్లు సంపులోకి వదలొద్దని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పండి, సంపు, పైన ట్యాంకు ఆరు నెలలకోసారి కడిగించండి. తుపానొచ్చి కరెంటు పోతే, 2014లో హుద్‌హుద్‌కి చూశాం కదా, ఆర్‌ఓ ఉన్నా లేనట్టే, అప్పుడు మాత్రం మీ అత్తగారు చెప్పిందే కరెక్ట్, కాచి చల్లార్చి తాగండి.

ఇక ప్రయాణం. కొండ ఊట నీళ్లు అద్దంలా ఉన్నా పైన పశువులు, మనుషులు తిరుగుతారు, తాగొద్దు. తెర్లు వచ్చాక ఒక్క నిమిషం మరిగితే చాలు, అరకు మూడు వేల అడుగుల ఎత్తే కాబట్టి అక్కడా అంతే, రూంలో కెటిల్ ఉంటే పని అయిపోతుంది. బాటిల్ కొంటే సీలు చూసి కొనండి. నీళ్లు జాగ్రత్తగా తాగి ఐసు మర్చిపోతారు చాలామంది, బీచ్ రోడ్డులో చెరుకు రసం, షర్బత్‌లో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికీ తెలీదు, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, పిల్లాడికి ఐసు లేకుండా ఇమ్మనండి.

మళ్లీ విరేచనాలైతే లీటరు నీళ్లకి సరిపడే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచాలతో పట్టించండి, 24 గంటలు దాటితే పారబొయ్యండి. ప్యాకెట్ కొంచెం కొంచెంగా గ్లాసులో కలపొద్దు, పాళ్లు తప్పుతాయి. డాక్టరు రాస్తే జింక్ 14 రోజులు వెయ్యండి, మోషన్స్ ఆపే మాత్ర, మెడికల్ షాపు యాంటీబయాటిక్ మాత్రం వద్దు. కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలు ఒంటేలు పొయ్యకపోయినా, రక్తం పడినా, మత్తుగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దగ్గర్లోని పిల్లల ఆస్పత్రికో తీసుకెళ్లండి. నెలనెలా అవుతోందన్నారు కాబట్టి ఇప్పుడు బాగానే ఉన్నా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి బరువు తూయించి, మోషన్ టెస్ట్ చేయించండి.