మంట వెలిగి ఆరిపోతోందా? ముందు ఆ పుల్లను తుడవండి

డెట్రాయిట్ చలిలో మీ ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్ మంట అంటుకున్న నాలుగు సెకన్లకే ఆరిపోతోందని, మూడు సార్లు ప్రయత్నించి ఊరుకుంటోందని రాశారు. అసలు ఆధారం ఆ నాలుగు సెకన్లేనండీ. మంట అంటుకుందంటే గ్యాస్ వస్తోంది, మంట అంటించే ఇగ్నైటర్ పనిచేస్తోంది. గది వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ జోలికి వెళ్లకండి.

నా అనుమానం మంటను పసిగట్టే ఫ్లేమ్ సెన్సర్ మీద. బర్నర్ల ముందు, సాధారణంగా ఇగ్నైటర్‌కు ఎదురు చివర, పింగాణీ పిడి ఉన్న సన్నని లోహపు పుల్ల కనిపిస్తుంది. మంట మీదుగా దానిలోకి కొన్ని మైక్రోఆంపియర్ల (అతి స్వల్ప) కరెంటు పారితేనే మంట ఉందని ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డు నమ్ముతుంది. పుల్లకు పొర పట్టిందా, కళ్లెదుట మంట మండుతున్నా లేదనుకుని గ్యాస్ కట్టేస్తుంది.

ఫర్నేస్ పక్కనున్న స్విచ్ ఆపి, గ్యాస్ వాల్వు కట్టేయండి. పుల్లను పట్టి ఉంచేది సాధారణంగా ఒకే స్క్రూ. పుల్లను బయటికి తీసి, సన్నని స్టీల్ ఉన్నితో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. గరుకు ఉప్పు కాగితం వద్దు, గీతలు పడతాయి. పింగాణీ పెళుసు, జాగ్రత్త. పుల్లను తిరిగి బిగించాక ఫర్నేస్ తలుపు పలక సరిగ్గా బిగించకపోతే లోపలి స్విచ్ నొక్కుకోదు, ఫర్నేస్ కదలదు. నేను ఒకసారి దాంతోనే గంట పోగొట్టుకున్నాను!

గ్యాస్, స్విచ్ మళ్లీ వేశాక కూడా మంట ఆరిపోతే, బోర్డు మీది లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి రాయండి. దాని అర్థం సాధారణంగా తలుపు లోపలి పట్టికలో ఉంటుంది. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీకి ఫోను చేయండి.